ఒంటిగంట పది

పదకొండో భాగం

పోయిన వారం కృపమణిని కర్నూలులో ఆఫీసు డేరా ముందర, మే నెల ఎండలో నిలబెట్టి వదిలేశాం. నిలబెట్టింది మనం కాదు లెండి, జ్ఞానరాజుగారు. నర్సుల రిజిస్టరు చూసే ఆఫీసు మద్రాసు నుంచి పెట్టెలతో సహా కొత్త రాజధానికి తరలివచ్చాక, ఆ పెట్టెల్లో ఆమె ఫైలు వెతికి పట్టుకొన్న పెద్దమనిషి ఆయనే. తిరుపతమ్మ అనే బాలింత రక్తం పోయి చనిపోయిన కేసులో కృపమణి పేరును ఒక సంవత్సరం పాటు రిజిస్టరులో నిలిపివేశారు. ఆ గడువు తీరింది. పేరు మళ్లీ ఎక్కించమని ఆమె అర్జీ పెట్టుకొంది. ఎక్కిస్తే మళ్లీ నర్సు, లేదంటే పేరు శాశ్వతంగా కొట్టేస్తారు.

జ్ఞానరాజుగారు అరవలేదు, కసరలేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకొని రెండంటే రెండు ప్రశ్నలు అడిగారు.

"మీ పుస్తకమంతా చదివినానమ్మా. రెండు వందల పన్నెండు కాన్పులు. ప్రతి బిడ్డనూ పుట్టిన పది నిమిషాల్లో తూకం వేసినారు. ఈ ఒక్క బిడ్డ ఒంటిగంట పదికి పుట్టిందని రాసి, మూడు గంటలకు తూకం వేసినట్లు రాసినారు. ఎందుకు? ఇంకొకటి. డాక్టరుకు చీటీ మూడుంబావుకు పంపితిమంటారు. ఆలూరుకు సైకిలు మీద అరగంట. చీటీ డాక్టరు చేతికి అందింది నాలుగుముప్పావుకు. ఎందుకు?"

ఈ రెండింటికీ నెలాఖరులోగా కాగితం మీద జవాబు కావాలన్నారు. రెండోదానికి జవాబు ఊరందరికీ తెలిసిందే. చీటీ పట్టుకెళ్లిన జీతగాడు మారెన్న సైకిలు పంచరయింది. మొదటిదానికి జవాబు కృపమణికి తెలుసు. తెలిసినా చెప్పే హక్కు ఆమెకు లేదు. ఆ హక్కు అడిగి తెచ్చుకోవడానికే ఇవాళ, నెలాఖరుకు నాలుగు రోజులుందనగా, నల్లదిన్నెకు బయలుదేరింది.

నల్లదిన్నెకు బస్సు లేదు. ఆలూరులో దిగి, నెర్రెలు విచ్చిన నల్లరేగడి చేల మధ్య బండిబాట పట్టుకొని ఐదు మైళ్లు నడవాలి. ఒకప్పుడు ఈ బాటన ఆమె కోసం బండ్లు వచ్చేవి. ఎవరి ఇంట నొప్పులు మొదలైనా ముందు ఎడ్లకు కాడి కట్టి, తర్వాతే నీళ్ల కాగు పొయ్యి మీద పెట్టేవాళ్లు. ఇప్పుడు కొంగు నెత్తిన కప్పుకొని ఒక్కతే నడుస్తోంది. ఊరు ఇంకో మైలుందనగా కంపకట్టెలు ఏరుకొంటున్న ఒక చూలాలు ఆమెను గుర్తుపట్టి, ఉన్నపళంగా మోపు కింద పడేసి ఎదురొచ్చింది.

"నర్సమ్మా! మళ్లా వస్తాండావా మా ఊరికి? నాకు ఏడో నెల. పైన పక్కటెముకల కింద గట్టిగా ఏందో తగులుతాంది. తలకాయనా అది? రోంత చెయ్యి పెట్టి చూడు."

కృపమణి చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. సగం దూరంలో ఆపుకొని వెనక్కి తీసుకొంది. చూడకూడదు. చూసినట్టు ఎవరైనా ఒక్క కార్డుముక్క రాసి పడేస్తే చాలు, జ్ఞానరాజుగారి మంచితనం కూడా కాపాడలేదు. "ఆలూరు పోయి డాక్టరుకు చూపించుకో తల్లీ, ఎల్లుండిలోపల పో" అని చెప్పి గబగబా నడిచింది. వెనక నుంచి ఆ పిల్ల "ఆయప్పకు ఎట్ల చూపించేది, మగాయన గదా" అంటూనే ఉంది. ఇలా చెయ్యి వెనక్కి తీసుకోవడం ఈ ఏడాదిలో ఎన్నోసారో ఆమె లెక్క పెట్టుకోలేదు.

తిరుపతమ్మ తల్లి కృష్ణవేణమ్మ ఇల్లు ఊరి మొదట్లోనే. నూరెకరాల సేద్యం, పెద్ద వాకిలి, వాకిట్లో పశువుల కొట్టం. భర్త పోయినా సేద్యాన్ని పట్టు తప్పకుండా నడుపుకొస్తున్న మనిషి. చదువంటారా, వానాకాలపు బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకొంది. ఆ నాలుగక్షరాలతోనే పంచాంగం చదువుతుంది. ఊళ్లో ఏ ఆడమనిషి పుట్టింటికి పోవాలన్నా, పెసలు ఎండబెట్టాలన్నా తిథీ వారం ఈమెనే అడిగి పోతుంది. అయ్యవారికి దక్షిణ దండగ, నేను లేనా అనడం ఆమెకు సరదా.

"ఎవురది? నర్సమ్మా! ఇంత ఎండన పడి వస్తివా?" అంటూ చెంబు తెచ్చి, అరుగు కింద నిలబడ్డ కృపమణి దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోసింది. ఇదే ఇంట్లో, ఇదే మనిషి, ఒకటిన్నరేడు క్రితం ఈ చేతులే పట్టుకొని కాన్పు గదిలోకి ఈడ్చుకుపోయింది. కాన్పు గది నియమాలు వేరు, అరుగు నియమాలు వేరు. కృపమణి తాగి, మూతి తుడుచుకొని, అరుగు అంచున కూర్చొంది.

లోపలి నుంచి తప్పటడుగులు వేసుకొంటూ లచ్చి వచ్చింది. తిరుపతమ్మ కూతురు. చేతిలో సగం కొరికిన బెల్లంముక్క, గడ్డం నిండా చొంగ. కృపమణి వైపు చూసి ఏమనుకొందో, బెల్లంముక్క చాచింది. కొట్టం దగ్గర మారెన్న నార పేనుకొంటున్నవాడు తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

"అమ్మా," అంది కృపమణి, ఇంక ఆలస్యం చేయకుండా. "నేనిచ్చిన మాట నాకు తిరిగి ఇచ్చేయండి."

"ఏం మాట?"

"ఈ పాప తల మీద చెయ్యి పెట్టించి తీసుకొన్యారే, ఆ మాట."

కృష్ణవేణమ్మ మనమరాలిని ఒళ్లోకి లాక్కొంది.

ఆ మాట ఏమిటో పాఠకులకు ఇప్పుడైనా చెప్పకపోతే పాపం. అది ధనుర్మాసం. పుట్టింటికి తొలి కాన్పుకు వచ్చిన తిరుపతమ్మ పగలు మూడు కావడానికి పది నిమిషాలుందనగా ఆడపిల్లను కన్నది. మాయ చక్కగా పడింది, తల్లి నవ్వుతోంది, అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. కృపమణి రొమ్ము మీద చీరకు గుచ్చుకొన్న గడియారం చూసి పుస్తకం తెరవగానే కృష్ణవేణమ్మ ఆ చెయ్యి పట్టుకొంది. అనూరాధ నక్షత్రం రెండు గంటల ఇరవైనాలుగు నిమిషాలకే వెళ్లిపోయింది, ఇప్పుడున్నది జ్యేష్ఠ, జ్యేష్ఠలో పుట్టిన ఆడపిల్ల అంటే పెద్దకొడుకున్న ఏ ఇంటివాళ్లూ కోడలిగా తెచ్చుకోరు, అల్లుడి వాళ్లు కడపవాళ్లు, శానా పట్టింపు మనుషులు, ఒంటిగంట పది అని రాయి తల్లీ, నీ కాళ్లు మొక్కుతా అంది. కృపమణికి తెలిసిన నక్షత్రం ఒక్కటే, క్రిస్మస్ రాత్రి తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపించింది. మిగతా నక్షత్రాల మీద ఆమెకు నమ్మకమూ లేదు, భయమూ లేదు. లేదు కాబట్టే, రాస్తే ఏం పోయింది అనుకొంది. ఉన్నట్టయితే నాలుగు సార్లు ఆలోచించేదేమో. నవ్వుతూ ఒంటిగంట పది అని రాసింది, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది, మూడు గంటలకు బిడ్డను తూకం వేసి అలవాటు కొద్దీ ఆ టైము సరిగ్గానే వేసింది. ఆ తర్వాత కాసేపటికి తిరుపతమ్మ పడుకొన్న గుడ్డలు తడిశాయి.

విచారణకు వచ్చినవాళ్లు పుస్తకం చూశారు. ఒంటిగంట పదికి కాన్పు, మూడుంబావుకు డాక్టరుకు చీటీ. మధ్యలో రెండు గంటలు ఈ నర్సు ఏం చేసింది, గోళ్లు గిల్లుకొంటూ కూర్చొందా అన్నారు. ఇచ్చిన మాటకు కట్టుబడి కృపమణి అసలు టైము బయటపెట్టలేదు.

"చెప్తే ఏమయితాదో తెలుసునా నీకు?" కృష్ణవేణమ్మ గొంతు తగ్గించింది. "నచ్చత్రం సంగతి అటుండనీ. పుట్టీ పుట్టంగానే తల్లిని మింగిందంటారు. ఆ మాట ఒకసారి ఊర్లో పడితే ఈ పిల్ల వల్లకాడు చేరేదాక పోదు. ఇంగ యాడికి పోయి బతకల్ల?"

"నేను యాడికి పోయి బతకల్లమ్మా?" కృపమణి గొంతు మాత్రం తగ్గలేదు. "ఏడాది నుంచి అంగీలు కుడతాండా. మొన్న పక్కింటి కోడలికి నొప్పులొస్తే తలుపేసుకొని కూర్చొంటి. బిడ్డ అడ్డం తిరిగిండాదని ఆ అరుపు వింటేనే తెలిసిపోతాంది నాకు. గోడ ఇవతల చెవులు మూసుకొని కూర్చొంటి. అట్లాంటి కూర్చోడం మీరు ఒక్క దినం కూర్చోండి చూస్తాం. రెండు గంటలు మీ బిడ్డను గాలికి వదిలేసినానని కడపవాళ్లు అర్జీ రాసినారు. మీరు ఆడనే ఉండారు. వదిలేసినానా?"

"లేదు."

"ఒక్క నిమిషమన్నా పక్కకు పోతినా?"

"లేదమ్మా."

"మరి ఆఫీసరు అడిగినప్పుడు ఎందుకు తలకాయ వంచుకొంటిరి?"

కృష్ణవేణమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు. ఇంత పెద్ద మాట ఈ అరుగు మీద కూర్చొని తానే అన్నదా అని కృపమణికే నమ్మకం కుదరలేదు. లచ్చి వచ్చి ఆమె మోకాలు పట్టుకొని నిలబడింది. పక్కటెముకలు కనిపించడం లేదు, కాళ్లు వంకర లేవు, బాగా పెంచారు. ఈ బిడ్డ మొదటి ఏడుపు విన్నది తనే.

ముసలామె తిరిగి వచ్చినప్పుడు చేతిలో పాత పంచాంగం ఉంది. అందులోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. "చదువు. అయ్యవారి రాత."

కృపమణి చదివింది. "సూర్యోదయం ఆరు గంటల నలభైయారు నిమిషాలు. అనూరాధ ఇరవై ఒక్క గడియలు, అనగా పగలు మూడు గంటల పది నిమిషాల వరకు. తదుపరి జ్యేష్ఠ." మళ్లీ చదివింది. మూడు గంటల పది నిమిషాలు. ఎంత చదివినా రెండు గంటల ఇరవైనాలుగు నిమిషాలు దాంట్లో కనిపించలేదు.

"ఇదేందమ్మా? మీరు చెప్పింది ఇది కాదు గదా?"

"గడియంటే ఇరవైనాలుగు నిమిషాలు. ఇరవై ఒక్క గడియలంటే ఎనిమిది గంటల ఇరవైనాలుగు. లెక్క సరిగానే వేసినా. యాడి నుంచి వేసినా? పొద్దున ఆరు నుంచి వేసినా. ఎప్పుడూ అట్లే వేస్తాంటి, పొద్దు ఆరింటికే పొడుస్తాది గదా అని. ఎండాకాలం ఇంచుమించు సరిపోతాది. ధనుర్మాసంలో పొద్దు ఆరింటికి పొడుస్తాదా? ముప్పావు గంట ఆలస్యంగా పొడుస్తాది. చలికి దుప్పటి ముసుగు తీయక, ఆ ముప్పావు గంట సంగతే నాకు తట్టలా."

కృపమణి వేళ్ల మీద లెక్క పెట్టుకొంది. నక్షత్రాల లెక్క ఆమెకు రాదు గాని గంటల లెక్క వచ్చు. "అంటే మూడుకు పది తక్కువకు..."

"అనూరాధే. ఇంకా ఇరవై నిమిషాలు ఉండాది. నువ్వు నిజం రాసినా నా మనమరాలు అనూరాధలోనే పుట్టింది."

కృపమణికి ముందు నవ్వు వచ్చింది. నిజంగానే వచ్చింది, పైకే నవ్వింది. ఏడాది పాటు తన బతుకు మూలన పడేసిన అబద్ధం అక్కరలేని అబద్ధమట! నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే గుండె తేలికపడింది.

"అయితే ఇంకేం భయమమ్మా! బిడ్డకు ఏ దోషమూ లేదు. ఉన్నదున్నట్లు చెప్పొచ్చు. లెక్క తప్పి అట్ల రాయించినామని ఒక్క కాయితం రాసిస్తే చాలు, జ్ఞానరాజుగారు అర్థం చేసుకొంటారు. టైము తప్పు రాసినందుకు నన్ను నాలుగు తిడతారు, తిట్టనీ. పేరైతే ఎక్కుతాది!"

కృష్ణవేణమ్మ పంచాంగం పేజీలు సర్దుకొంటూ కూర్చొంది.

కృపమణి కాన్పుల మనిషి. నొప్పి ఎక్కడుందో చెప్పని ఆడవాళ్లను ఎందరినో చూసింది. చీటీ మళ్లీ చేతిలోకి తీసుకొంది. "ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ దినమే."

"ఆ దినమా? ఆ దినం మీరు గడప దాటలేదు. అయ్యవారు ఉండేది ఆలూరు దావలో, పక్కూర్లో. మరి ఈ చీటీ తెచ్చిందెవరు?"

కొట్టం దగ్గర నార పేనే చేతులు ఆగిపోయాయి. కృపమణి అటు చూసింది. మారెన్న తల వంచుకొన్నాడు. ఆ రోజు ఈ ఇంటి నుంచి బయటికి పోయి వచ్చిన మనిషి అతనొక్కడే.

"పంచరు కాలేదా, మారెన్నా?"

"వాణ్ని అడగొద్దు," అంది కృష్ణవేణమ్మ. "పంచరని చెప్పమనింది నేనే. నువ్వు చీటీ రాసిచ్చి బిరీన పంపమంటివి. అయ్యవారు నాలుగు గంటల బస్సుకు ఆదోనికి పోతాడని నాకు ఎరికే. పోతే వారం దాకా రాడు. ఆ వారంలో కడపవాళ్లు దిగుతారు. జ్యేష్ఠ ఎప్పుడు పట్టిందో గట్టిగా తెలుసుకొంటే నా నోట తప్పు మాట రాకుండా ఉంటాదని, దావలోదే గదా, ముందు ఆయప్పను కనుక్కొని పో అంటి. రక్తం పోయేది అందరికీ ఉండేదే అనుకొంటినమ్మా. నాకూ నాలుగు కాన్పులయినాయి, నాకూ పోయింది. నర్సమ్మలు అన్నిటికీ బిరీన అంటారులే అనుకొంటి."

"అయ్యవారు పూజలో ఉండె," అన్నాడు మారెన్న, అక్కడి నుంచే, నేల చూస్తూ. "బయట కూర్చోమనిరి. డాక్టరు కాడికి పోవల్ల సామీ అని రెండుసార్లు అరిచినా. మూడోసారి అరిచేదానికి భయమైంది."

గంట సేపు. ఆ గంట కృపమణికి నిమిషం నిమిషం తెలుసు. పిడికిలితో కడుపు అదిమి పట్టి, ఉన్న ఒక్క సూదిమందు ఇచ్చేసి, మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి, వాకిలి వైపు చెవి పెట్టుకొని కూర్చొంది. పక్కనే ఈమె కూతురికి విసనకర్ర విసురుతూ కూర్చొంది. సైకిలు ఇంకా డాక్టరు దావ పట్టలేదని ఆ గదిలో ఈమెకొక్కదానికే తెలుసు. కృపమణికి కోపం నెత్తికెక్కింది. చేతిలోది చీటీ కాకుండా మరేదైనా అయితే నేలకేసి కొట్టేదే.

"నన్నెందుకు బలి పెట్టినారమ్మా?"

"నీ తప్పు లేదంటే, నా బిడ్డ ఎవరి తప్పుతో పోయిందని అడుగుతారు గదా," అంది కృష్ణవేణమ్మ. "ఎవురూ అడగకపోయినా నేనే అడుక్కొంటాండా. నువ్వు చెప్పు. డాక్టరు ఆ గంట ముందొస్తే బతికుండునా?"

బతికేది కాదు అని చెప్పడం ఎంత సులువు! ఆ ఒక్క మాటతో ముసలిదాని ప్రాణం కుదుటపడుతుంది. కృపమణి నోటి దాకా వచ్చింది. "తెలీదమ్మా," అంది చివరికి. "బతికుండునేమో. కాదని నేను చెప్పలేను."

కృష్ణవేణమ్మ ఏడవలేదు. కళ్లు గట్టిగా మూసుకొని తెరిచింది. మారెన్నను పిలిచి, గూట్లోంచి కాగితం, సిరా, కలం తెప్పించింది. కాగితం అరుగు మీద పరుచుకొని, పైనంతా వదిలేసి, అన్నిటికంటే కింద తన పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొంటూ రాసింది. తడి ఆరకముందే దాన్ని కృపమణి ముందుకు తోసింది.

"ఇదేంది? ఖాళీ కాయితం మీద సంతకమా?"

"నేను చెప్పినట్ల నువ్వు ఒకసారి రాసిస్తివి. ఇప్పుడు నువ్వు రాసినదానికి నాది సంతకం. పుట్టింది ఎప్పుడో రాసుకో, నీ మాట నీకు ఇచ్చేసినా. ఇంగ ఆ గంట ఉండాదే," ఆమె లచ్చిని దగ్గరకు తీసుకొంది, "అది కూడా రాస్తే, నా అల్లుడు ఓబులేసుకు తెలీకుండా ఉండదు. కూతురు పోయినదాన్నని దయతో బిడ్డను నా కాడ వదిలిపెట్టినాడు. ఈ సంగతి తెలిస్తే మరుసటి దినమే కడప నుంచి బండి వస్తాది, నేను గడప పట్టుకొని చూస్తాండల్ల. పంచరని రాస్తే ఎవురికీ ఏమీ కాదు. మారెన్న ఎన్నిసార్లయినా పంచరనే చెప్తాడు. నీ ఇష్టం తల్లీ. నేను అడగను. ఒకసారి అడిగినందుకే ఇంత అయింది."

కృపమణి కలం తీసుకొంది. తిరుపతమ్మ కాన్పు పగలు రెండు గంటల యాభై నిమిషాలకు అయింది అని రాసింది. ఒంటిగంట పది అని రాయడానికి కారణం రాసింది. తాను అలా రాయడం తప్పేనని కూడా రాసింది. ఇంతవరకు చెయ్యి ఎక్కడా తడబడలేదు. తర్వాతి వాక్యం, "డాక్టరుకు రాసిన చీటీ తీసుకొని మారెన్న" అని మొదలుపెట్టింది. పంచరంటే జ్ఞానరాజుగారు నమ్ముతారా? ఆమెకు తెలియదు. నమ్మితే మాత్రం పోయేదేముంది, ఇంకో చిన్న అబద్ధం, అదీ ఒక బిడ్డ కోసం. ఈ మాట తాను ఇంతకుముందు కూడా ఒకసారి అనుకొన్నానని గుర్తొచ్చి, కలం కాగితం మీదనే ఆగిపోయింది.

ఎండకు సిరా చప్పున ఆరిపోతోంది. మారెన్న కొట్టం గుంజకు ఆనుకొని నిలబడి తన పేరు తర్వాత ఏం పడుతుందోనని చూస్తున్నాడు. లచ్చి "అవ్వా" అని ముసలామె గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకోబోయింది. కృష్ణవేణమ్మ తిరగలేదు, కృపమణి చేతి వైపే చూస్తూ కూర్చొంది.